పితకని రాయి

ఇన్నారెడ్డి పోయిన మర్నాడు కూడా ఆయన ఇంటి ముందు షామియానా వెయ్యలేదు. మే నెల ఎండకు పల్నాడంతా మాడిపోతుంటే, శౌరిపురం జనం ఆ చావింట్లోకి చేరి గోడలకు చేరగిలబడి కూర్చున్నారు. పరామర్శకని వచ్చినవాళ్ళెవరూ లేచి వెళ్ళడం లేదు. సగంమంది దుఃఖంతో వచ్చారు, సగంమంది చల్లదనం కోసం వచ్చారు. ఏడుపుని బట్టి ఎవరు ఎందుకొచ్చారో చెప్పడం మాత్రం ఎవరి తరమూ కాదు.

శవాన్ని నడింట్లో మంచం మీద పడుకోబెట్టారు. తల దగ్గర ఆయన భార్య శౌరమ్మ జపమాల తిప్పుకుంటూ, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చుంది. మాచర్ల నుంచి ఐసు పెట్టె తెప్పిస్తానని కొడుకు జోజి అంటే ఆమె ఒప్పుకోలేదు.

"ఆ గాజు పెట్టెలో చేపని పెట్టినట్టు పెడతావా మీ నాన్నని? మన ఇల్లే చల్లగా ఉందిగా. రోజ్‌లిన్ వచ్చిందాకా ఇట్టాగే పడుకోనియ్" అంది.

రోజ్‌లిన్ ఆమె కూతురు. రాంచీ దగ్గర మఠంలో సిస్టరు. రైళ్ళు మారి మారి వస్తోంది, సాయంత్రానికి గాని ఊరు చేరదు. అందుకే శౌరమ్మ నిన్న పొద్దున మరిది కూతురు ఫిలోమినను దగ్గరికి పిలిచి, "ఇంకాస్త చల్లగా పెట్టవే ఫిలో, మీ పెదనాన్న పాడవకుండా" అని అడిగింది. ఫిలోమిన కళ్ళు తుడుచుకుని, గోడ మీద చల్లదనం పెంచే మీటను చివరిదాకా తిప్పేసింది. ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలో ఏ ఇంట్లోనూ దాన్ని ఎవరూ అంతదాకా తిప్పి ఎరగరు.

ఇవాళ మధ్యాహ్నం కావస్తుండగా ఫిలోమిన ఫోను మోగింది. చేసింది కరుణాకర్, ప్రయోగశాలలో ఆమె సహాయకుడు.

"మేడమ్, మీరొకసారి రావాలి. ఫోన్లో చెప్పేది కాదు" అన్నాడు.

ప్రయోగశాల అంటే పెద్ద భవనమేమీ కాదు. ఊరి చివర పాత పత్తి గోదాము. గోదాము వెనక గోడ ఒకటి సగానికి కూలి ఉంటుంది. ఫిలోమిన ఎప్పుడు ఆ పక్కగా వెళ్ళినా ఆ గోడ వైపు చూడకుండా లోపలికి పోదు. ఇవాళ మాత్రం చూడకుండానే పరుగున లోపలికి వెళ్ళింది.

తెర మీద గుడి వీధిలో ఇంటింటి కప్పు రాళ్ళలో చేరే వేడికి ఒక్కో గీత ఉంది. పొద్దెక్కేకొద్దీ ప్రతి గీతా పైకి లేస్తుంది, సాయంత్రం కాగానే కిందికి దిగుతుంది. రోజూ అంతే. ఒక్క గీత మాత్రం నిన్న సాయంత్రం దిగలేదు. లేచిన చోటు నుంచి ఇవాళ పొద్దున మళ్ళీ లేవడం మొదలుపెట్టింది. దాని పక్కన ఇన్నారెడ్డి పేరుంది.

ఫిలోమిన కుర్చీ పట్టుకుని నిలబడింది.

ఆ రాయిని మొట్టమొదట నమ్మినవాడు ఇన్నారెడ్డే. బతుకంతా నాపరాయి క్వారీలో ఎండకు ఎండినవాడు. తమ్ముడి కూతురు పెద్ద చదువులు చదివొచ్చి, క్వారీ రాయికే ఏదో మందు పట్టించి, మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి, దాని మీద చెయ్యి వెయ్యమంటే నవ్వాడు. చెయ్యి వేశాక నవ్వు ఆగిపోయింది. రాయి కొత్తకుండలా చల్లగా ఉంది.

"మరి ఎండంతా ఏమైందే?" అని అడిగాడు.

"లోపల దాక్కుంది పెదనాన్నా. పైన ఎండనీ తాగుతుంది, కింద ఇంట్లో వేడినీ తాగుతుంది. నీళ్ళు పోస్తే బయటికొస్తుంది" అంటూ ఆమె రాయిలో దాచిన సన్నటి గొట్టంలో చెంబుడు నీళ్ళు పోసింది. అవతలి కొసన అవి పొగలు కక్కుతూ దిగాయి.

ఊరు దానికి తాగుబోతు రాయని పేరు పెట్టింది. ఇన్నారెడ్డి మాత్రం ఆ నవ్వుల్లో కలవలేదు. "నిండితే ఏమవుద్ది?" అన్నాడు. అంతకుముందు ఆ రాయిని చూడ్డానికి వచ్చిన పెద్దపెద్ద వాళ్ళెవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. ఫిలోమిన ఆయన్ని గోదాము వెనక్కి తీసుకెళ్ళి కూలిన గోడ చూపించింది. పండగ హడావిడిలో తలదిండంత ముక్కను ఎండలో మరిచిపోతే, అది నిండి, తాగిందంతా ఒక్కసారిగా కక్కింది. పక్క తొట్టిలో నీళ్ళు కళ్ళముందే ఆవిరైపోయాయి. ఆ సమయానికి అక్కడ మనిషన్నవాడు లేకపోవడం అదృష్టం.

ఆయన కాసేపు గోడకేసి చూసి, "గేదెని రోజూ పితక్కపోతే పొదుగు వాచిపోదూ? ఇదీ అంతే. రోజూ పితికితే సరి" అన్నాడు. మొదటి రాళ్ళు తన కప్పు మీదే పరిపించుకున్నాడు. తరవాత వీధంతా తిరిగి ఒక్కో ఇంటి ముందూ నిలబడి, "రాయి పితికారా?" అని అడగడం అలవాటు చేసుకున్నాడు. మనిషి మరిచిపోయినా ఇబ్బంది లేకుండా, సాయంత్రం దానంతటదే తెరుచుకునే వాల్వు ఫిలోమిన పెట్టింది. వేన్నీళ్ళు పెరట్లో డ్రమ్ములోకి, అది నిండితే చాకిరేవు కాలవలోకి పోతాయి. ఆ ఏర్పాటు ఉందన్న ధీమాతో అందరూ నిశ్చింతగా ఉన్నారు.

"వాల్వు తెరుచుకోలేదా?" అని ఫిలోమిన అడిగింది.

"తెరుచుకుంది మేడమ్. కానీ వెంటనే నీళ్ళు ఆగిపోయాయి. కప్పు మీద మెయిన్ కొళాయి ఎవరో కట్టేసినట్టున్నారు."

ఎవరో కాదు. నిన్న సాయంత్రం పెరట్లో డ్రమ్ము బుడబుడమని చప్పుడు చేస్తే శౌరమ్మ ఉలిక్కిపడింది. "పీనుగ ఇంట్లో ఉండగా పొయ్యే వెలిగించం, నీళ్ళు కాగడమేందిరా? కట్టెయ్" అని కొడుకును కేకేసింది. జోజి మేడెక్కి కొళాయి కట్టేసి, మళ్ళీ తిరక్కుండా దానికి ఇనప తీగ చుట్టి మరీ దిగివచ్చాడు. ఫిలోమిన అప్పుడు అక్కడే ఉంది. ఆ మాట తన చెవులతోనే విన్నది. విని, నిజమే కదా అనుకుంది. ఈ రాయిని పుట్టించిన మనిషి ఆ క్షణంలో శాస్త్రవేత్త కాదు, చావింట్లో కూర్చున్న ఆ ఇంటి ఆడపిల్ల. పొయ్యి వెలగని ఇంట్లో వేన్నీళ్ళు ఉండకూడదన్నది ఆమెకూ పుట్టినప్పటినుంచీ తెలిసిన సంగతే.

"ఇంకెంతసేపు ఆగుతుంది?" 

"ఎండ దిగేదాకా ఆగదు మేడమ్. మీట చివర్లో ఉంది. ఇంట్లో అంతమంది మనుషులు. వాళ్ళ ఒంటి వేడి కూడా అదే తాగుతోంది." కరుణాకర్ గొంతు తగ్గించాడు. "గ్యాస్ లీకయిందని చెప్పి బయటికి పంపేద్దాం. నిజం చెప్తే సాయంత్రానికల్లా వీధిలో ఒక్క రాయి మిగలదు. వచ్చే వారం కమిటీ వాళ్ళు వస్తున్నారు. మండలమంతా వేయించాలని..."

ఈ రాళ్ళు రాకముందు వేసవిలో గుడి గంట ఎన్నిసార్లు చావు కబురు మోగిందో ఫిలోమినకు గుర్తుంది. వాటిలో ఒకటి ఆమె తల్లిది. పట్టపగలు రేకుల కింద, గ్లాసుడు మజ్జిగ చేతిలో పట్టుకునే కుప్పకూలింది. ఈ రాళ్ళు పీకేస్తే ఆ వేసవి మళ్ళీ వస్తుంది. కానీ పెదనాన్న శవం ముందు నిలబడి పెద్దమ్మతో అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాదు.

"నువ్వు ఇక్కడే ఉండి గీత చూసి నాకు చెప్తూ ఉండు. ఫోను పెట్టెయ్యకు" అని బయటికి పరిగెత్తింది.

ఇంట్లో జపమాల సాగుతోంది. ఫిలోమిన ముందు గోడ దగ్గరికి వెళ్ళి మీటను వెనక్కి తిప్పింది. తిప్పినా చల్లదనం తగ్గలేదు. అంత నిండిన రాయి మీట మాట వినదని ఆమెకు తెలుసు, అయినా ఆశ చావక తిప్పింది. తలెత్తి చూస్తే దూలాల మధ్య నల్లగా ఉండాల్సిన రాళ్ళలో తెల్లటి చారలు పాకుతున్నాయి. 

ఆమె శౌరమ్మ పక్కన గొంతుక్కూర్చుంది. "పెద్దమ్మా, అందరూ బయటికి పోవాలి. ఇప్పుడే. పెదనాన్నని కూడా బయటికి తీసుకుపోవాలి."

జపం ఆగింది. శౌరమ్మ ఆమె మొహంలోకి చూసింది. "ఏందే? ఏడికి?"

"వాకిట్లోకి. కప్పు మీద రాయి నిండిపోయింది. నిన్న దించలేదు. అది ఒక్కసారిగా కక్కిందంటే ఈ గదిలో ఎవరూ మిగలరు. తప్పు నాది పెద్దమ్మా. కొళాయి కట్టెయ్యమని నువ్వంటుంటే విని కూడా నోరు మూసుకు కూర్చున్నా."

గదిలో కలకలం రేగింది. గుమ్మం దగ్గరున్నవాళ్ళు లేచి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఎవరో, "చావింట్లో ఈ గోలేంది?" అని విసుక్కున్నారు. ఇంకెవరో, "నేను ముందే అనుకున్నా ఈ రాళ్ళతో ఎప్పటికైనా ముప్పేనని" అన్నారు. ఆ మాటన్నవాడు నిన్నటినుంచీ ఆ గదిలోంచి కదిలింది లేదు.

శౌరమ్మ మాత్రం కదల్లేదు. భర్త గుండెల మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది.

"మీరు పోండి. నేనూ ఆయనా ఇక్కడే ఉంటాం" అంది.

"పెద్దమ్మా!"

"బతికినన్నాళ్ళూ ఎండలోనే ఉన్నాడే. ఈ ఒంటి మీద చర్మం చూడు, క్వారీ ఎండకి ఎట్టా కాలిపోయిందో. చివరికి ఈ రెండేళ్ళే నీడన పండుకున్నాడు. చచ్చాక మళ్ళీ తీసకపోయి ఎండలో పారేస్తావా? కూతురొచ్చి, మా నాన్నని వాకిట్లో ఎందుకేశావమ్మా అంటే ఏం చెప్పను?" ఆమె జపమాలను గుప్పిట్లో బిగించింది. "నేను కదలను. పోయేదేదో ఆయనతోటే పోతా."

ఫిలోమినకు ఏడుపొచ్చింది. ఇంత చదువు చదివి, ఈ ఒక్క ముసలామెను గుమ్మం దాటించే మాట తన దగ్గర లేదు. చేతిలో ఫోన్లోంచి కరుణాకర్ గొంతు సన్నగా వినిపిస్తోంది. "ఇంకా లేస్తోంది మేడమ్. ఆగడం లేదు." పైన కప్పులో ఎక్కడో టక్కుమని చప్పుడైంది.

అప్పుడామెకు పెదనాన్నే గుర్తొచ్చాడు.

"నిన్న సాయంత్రం మన గేదెని ఎవరు పితికారు పెద్దమ్మా?" అంది.

శౌరమ్మ అర్థంకానట్టు చూసింది. "పక్కింటి మార్తమ్మ పితికింది. ఏం?"

"చావింట్లో పొయ్యి వెలిగించం. నిజమే. మరి గేదెని పితక్కుండా వదిలేశామా? పక్కింటివాళ్ళొచ్చి పితికారు. పెదనాన్న రెండేళ్ళుగా వీధంతా తిరిగి చెప్పింది అదేగా? నిన్న వీధిలో అందరి రాళ్ళూ పితికారు. ఆయన రాయే మిగిలిపోయింది. ఇప్పుడాయన లేస్తే మనల్ని మొట్టమొదట తిట్టేది దానికే."

శౌరమ్మ భర్త మొహం వైపు చాలాసేపు చూస్తున్నట్టు ఫిలోమినకు అనిపించింది. నిజానికి అది కొన్ని క్షణాలే. ఆ తరవాత ఆమె మంచం కోడు పట్టుకుని లేచి నిలబడింది.

"ఒరే జోజీ, నాన్నని పట్టుకో. తల జాగ్రత్త. మార్తా! ఏడున్నావే? మా రాయి పితకాల. మీ ఇంట్లో బిందెలన్నీ తే" అంది.

మంచాన్ని నలుగురు ఎత్తి వాకిట్లోకి తెచ్చారు. గుమ్మం దాటగానే ఎండ మొహం మీద కొట్టినట్టయింది. మిరపకాయలు ఆరబోసే పట్టాలు తెచ్చి మంచానికి నీడ కట్టారు. మిగిలిన పట్టాలు జోజి, ఫిలోమిన మేడ మీదికి మోసి రాళ్ళ మీద కప్పడం మొదలుపెట్టారు. ఎండను ఆపితే కొత్తగా నిండడం ఆగుతుంది. నిండినదాన్ని దించాలంటే మాత్రం కొళాయి తిప్పాల్సిందే.

"నేను తిప్పుతా. అన్నా, నువ్వు కిందికి పో" అంది ఫిలోమిన.

"తీగ చుట్టింది నేను. విప్పేది కూడా నేనే." జోజి అప్పటికే పటకారు అందుకున్నాడు. "ఎంత తిప్పాలో చెప్పు."

"బొట్టు బొట్టుగా. ఎక్కువ నీళ్ళు ఒక్కసారి పోతే ఆవిరి గొట్టాన్ని చీల్చేస్తుంది. కొంచెం తిప్పి ఆగు. చప్పుడు తగ్గాక మళ్ళీ కొంచెం."

తీగ ఊడింది. జోజి కొళాయిని వెంట్రుకవాసి తిప్పాడు. గొట్టంలో మొదటి నీటిచుక్క రాయిని తాకగానే మేడంతా అదిరినట్టు ఈల వినిపించింది. కింద ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. కొళాయి అతుకు దగ్గర ఆవిరి చిమ్మి జోజి ముంజేతుల మీద పడింది. అతను పళ్ళు బిగించాడు గాని చెయ్యి తియ్యలేదు. తీస్తే కొళాయి పూర్తిగా తెరుచుకుపోతుందని అతనికి చెప్పకుండానే తెలిసింది.

"మేడమ్, ఇంకా లేస్తోంది" అన్నాడు కరుణాకర్.

ఫిలోమిన తన పైట తడిపి అన్న చేతుల మీద వేసింది. ఇద్దరూ ఆ ఈల వింటూ, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ నిలబడ్డారు. మూలనున్న పలక ఒకటి ఫట్‌మని అంచు దగ్గర పగిలింది. ఆమె మనసులో దేవుడికి ఏం మొక్కుకుందో ఆమెకే తెలియదు.

"ఆగింది" అన్నాడు కరుణాకర్. "గీత ఆగింది మేడమ్." కాసేపటికి మళ్ళీ, "దిగుతోంది" అన్నాడు. ఆ మాట చెప్తూ అతను ఏడుస్తున్నాడని ఫోన్లో కూడా తెలిసిపోయింది.

పెరట్లో గొట్టం కొసన మొదట ఆవిరి, తరవాత సలసల కాగే నీళ్ళు వచ్చాయి. మార్తమ్మ కొంగు నడుముకు బిగించి బిందె పట్టింది. ఒకటి నిండితే ఇంకొకటి. వీధివీధంతా బిందెలూ గంగాళాలూ పట్టుకుని వరసలో నిలబడింది. చాకిరేవు కాలవ దాకా దారంతా నీళ్ళు చిందుతూ పొగలు కక్కుతోంది. ఇందాక రాళ్ళతో ముప్పని ముందే అనుకున్నవాడు కూడా రెండు బిందెలు మోశాడు. మోస్తూ మోస్తూ, "మా ఇంటి మీది రాళ్ళు రేపే పీకేస్తా" అన్నాడు.

"పీకెయ్. తరవాత మధ్యాహ్నం పూట మా ఇంట్లోకొచ్చి పడుకోమాక" అంది మార్తమ్మ. అతను మూడో బిందె అందుకున్నాడు.

జోజి చేతులకు మందు రాసి గుడ్డ చుట్టి, వేప నీడన కూర్చోబెట్టారు. బొబ్బలు మోచేతులదాకా లేచాయి. పెదనాన్న శవపెట్టెకు అతను భుజం పట్టగలడు గాని చెయ్యి పట్టలేడని ఫిలోమినకు అర్థమైంది. ఆమె ఫోను తీసి కమిటీ వాళ్ళకు వచ్చే వారం రావద్దని చెప్పింది. ఎందుకని అడిగితే జరిగిందంతా దాచకుండా చెప్పింది. పెళ్ళిలోనూ చావులోనూ మనుషులు ఏం చేస్తారో తెలుసుకోకుండా ఇంటి కప్పు వెయ్యకూడదని ఇప్పుడే తెలిసిందని చెప్పింది. అవతలివాళ్ళకు అది అర్థమైనట్టు లేదు.

ఎండ వాలుతుండగా శౌరమ్మ వాకిట్లోంచి పిలిచింది.

"ఫిలో, ఆ నీళ్ళు రెండు బిందెలు ఇట్టా తెప్పించు. చన్నీళ్ళు కలిపి తొణుపు. మీ పెదనాన్నకి స్నానం చేయించాల. కూతురొచ్చేసరికి తయారుగా ఉండాలిగా."

శవస్నానానికి వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి పెట్టి నీళ్ళు కాచడం ఆ ఊరి మామూలు. ఆ రోజు పొయ్యి పెట్టలేదు. పట్టాల చాటున మగవాళ్ళు ఇన్నారెడ్డిని కూర్చోబెట్టి, ఆయన కప్పు మీద రెండు రోజులు నిలవున్న ఎండను బిందెలతో ఆయన మీద పోశారు. ఒకసారి పోసి ఆపలేదు. రాయి ఇంకా దిగుతూనే ఉంది, నీళ్ళు వస్తూనే ఉన్నాయి. ఊళ్ళో ప్రతి మగవాడూ వచ్చి తలా ఒక చెంబు పోశాడు. ఏ పెద్దమనిషికీ ఆ ఊళ్ళో అంత స్నానం జరగలేదు. తరవాత తుడిచి, తెల్లపంచె కట్టి, పట్టాల నీడలోనే మంచం మీద పడుకోబెట్టారు. నీడ ఉన్నా గాలి ఇంకా సెగలుగానే ఉంది.

అప్పుడొచ్చింది రోజ్‌లిన్. ఆటో వీధి మొదట్లోనే ఆగిపోతే, తడి దారమ్మట నడుచుకుంటూ వచ్చింది. దారి పొడుగునా తనను తాను సిద్ధం చేసుకునే వచ్చి ఉంటుంది. మఠంలో ఎంతోమందికి కళ్ళు మూసిన మనిషి, చనిపోయినవాళ్ళ ఒళ్ళు చేతికి ఎలా తగులుతుందో ఆమెకు తెలుసు. మంచం దగ్గర మోకరించి, శిలువ గుర్తు వేసుకుని, తండ్రి చేతిని తన చేతిలోకి తీసుకుంది. తీసుకున్న మరుక్షణం బిత్తరపోయి తల్లి వైపు చూసింది.

"అమ్మా, నాన్న చెయ్యి వెచ్చగా ఉందే!"

ఫిలోమిన ఏదో చెప్పబోయింది. రాయి, వాల్వు, నిన్న సాయంత్రం, తన తప్పు, అన్నీ వరసగా నోటిదాకా వచ్చాయి. శౌరమ్మ ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఉండదూ మరి?" అంది కూతురితో. "నువ్వొచ్చిందాకా చల్లారనని కూర్చున్నాడు మీ నాన్న."

రోజ్‌లిన్ ఆ చేతిని చెంపకు ఆనించుకుని, రెండు రోజుల ప్రయాణంలో ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది. పెట్టె సిద్ధంగా ఉంది, గుడి గంట మోగుతోంది. ఆ చెయ్యి చల్లబడేదాకా ఆమెను లేవమని ఎవరూ అనలేదు.